రెండు నలభైలు

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, అంతే. గేటు దగ్గర కూర్చునే కాపలా మనిషి దగ్గర్నుంచి సూపరింటెండెంటు దాకా ఆఫీసులో అందరికీ ఆవిడ సర్వరమ్మే. సర్వర్లు చూసుకునే మనిషి కాబట్టి సర్వరమ్మ. కొత్తలో ఆవిడకి ఒళ్ళు మండేది. "నేనేమన్నా హోటల్లో ప్లేట్లు అందిస్తున్నానా?" అని ఒకరిద్దరి మీద విరుచుకుపడింది కూడా. పదకొండేళ్ళు గడిచాయి కదా, ఇప్పుడెవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు.

అది వినపడని పిల్లలకి మాటలు నేర్పే కేంద్రం. కింద రెండు కౌంటర్లు, పైన చెవులు పరీక్ష చేసే గదులు, ఆ పైన తరగతులు. మెట్ల కింద ఒకప్పుడు చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకున్న గదిలో సర్వర్లు. చీపుళ్ళు పోయాయి గానీ బకెట్టు ఒకటి మిగిలింది, ఏసీ కారే నీళ్ళ కోసం. పొద్దున పదకొండింటికోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి ఆ నీళ్ళు పారబొయ్యడం కూడా సర్వరమ్మ ఉద్యోగమే. చేరేటప్పుడు ఈ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అది వేరే విషయం.

ఆ గదిలో తొమ్మిదేళ్ళనాటి సర్వరొకటి ఉంది. దాని లోపల ఐదు మిషన్లు కాపురముంటాయి. కంటికి కనపడే మిషన్లు కావవి. పైకి పెట్టె ఒక్కటే, లోపల మాత్రం ఐదు వేరువేరు కంప్యూటర్లు ఉన్నట్టే. దేని పని దానిది, దేని గొడవ దానిది. సర్వరమ్మ వాటికి వరసలు కలిపి పేర్లు పెట్టుకుంది. పరీక్షల ఫలితాలు దాచేది మావగారు, ఎందుకంటే అడిగితే గానీ నోరు విప్పదు. హాజరు చూసేది ఆడపడుచు. ఉత్తరాలు అందించేది తోడికోడలు. పగలంతా పడుకుని రాత్రి మాత్రమే పని చేసేది మరిది. ఇక అడ్మిషన్ల మిషను పెద్దత్త. వచ్చిన ప్రతి వాళ్ళూ ఆవిడ ముందు నిలబడాల్సిందే, ప్రతి కాగితానికీ ఆవిడ ఏదో ఒక వంక పెట్టాల్సిందే. "పెద్దత్త అలిగింది" అని సర్వరమ్మ ఫోన్లో చెప్తే ఒకటో కౌంటరావిడ వెంటనే అర్థం చేసుకుని, "ఒక్క పది నిమిషాలు కూర్చోండమ్మా" అని జనానికి చెప్పేది.

ఈ నెలలో కొత్త సర్వరొచ్చింది. పాతదాన్ని పీకెయ్యాలి, ఐదుగుర్నీ కొత్తింట్లోకి మార్చాలి. రెండు సర్వర్లకీ కలిపి ఒక పెద్ద డిస్కుల బీరువా ఉంటే ఇది చిటికెలో పని. సామాను బీరువాలోనే ఉంటుంది, మనిషి ఈ గదిలోంచి ఆ గదిలోకి నడిచెళ్తే చాలు. బీరువా కావాలని సర్వరమ్మ మూడుసార్లు రాసింది. "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. ఇంకేముంది, గిన్నెలూ చెంచాలతో సహా సామానంతా ఒక్క తీగ మీదే మొయ్యాలి. పోనీ రెండు గంటలు కౌంటర్లు మూసేస్తే నిమ్మళంగా మోస్తానని అడిగితే సూపరింటెండెంటు ఒప్పుకోలేదు. "చంటిపిల్లల్నెత్తుకుని ఎక్కడెక్కణ్ణుంచో వస్తారమ్మా, ఆపడం కుదరదు" అన్నాడు. అదీ నిజమే. కాబట్టి పొయ్యి మీద వంట ఆగకుండానే ఇల్లు మార్చాలన్నమాట.

శుక్రవారం నాడు మార్చింది. మిగతా నలుగురూ పేచీ పెట్టకుండా మధ్యాహ్నానికి వెళ్ళిపోయారు. పెద్దత్త దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. ఒకవైపు డిస్కులోదంతా కొత్త సర్వరుకి కాపీ అవుతుంటుంది, ఇంకోవైపు కౌంటర్లో వాళ్ళు కొత్త వివరాలు ఎక్కిస్తూనే ఉంటారు. అలా మారినచోటల్లా మళ్ళీ కాపీ చెయ్యాలి. తొంభైనాలుగు శాతం దాకా వచ్చి గంటసేపు అక్కడే మొరాయించింది. చివరికి నాలుగింటికి పది నిమిషాలుందనగా ఒక్క అరక్షణం ఊపిరి బిగబట్టి, పాత సర్వర్లో కళ్ళు మూసి కొత్త సర్వర్లో తెరిచింది పెద్దత్త. అప్పటికి అడ్మిషన్లలో ముప్ఫైతొమ్మిదో నంబరు దాకా ఇచ్చారు. సర్వరమ్మ పరిగెత్తుకెళ్ళి కౌంటర్లోకి తొంగి చూస్తే, ఒకటో కౌంటరావిడ టీ తాగుతూ, "ఏంటలా చూస్తున్నావ్?" అంది. ఆవిడకి ఏమీ తెలీలేదు. సర్వరమ్మకి పట్టరాని సంతోషమైంది. ఎవరికీ తెలియకపోవడమే ఈ పనిలో గెలుపు. ఆ గెలుపు ఎవరికీ చెప్పుకోలేం కూడా.

ఇలా మార్చినప్పుడు పాత పెట్టెలో పాత కాపీ అలాగే మిగిలిపోతుంది. వారం రోజుల దాకా దాన్ని చెరపకూడదని వాళ్ళ ఆఫీసు పద్ధతి. కొత్తింట్లో ఏదైనా తేడా వస్తే వెనక్కి రావాలి కదా. సర్వరమ్మ ఒక కాగితం మీద లావు అక్షరాలతో "పెద్దత్త నిద్రలో ఉంది. ఎవరూ లేపకండి" అని రాసి పాత సర్వరుకి అంటించింది. శుభ్రంగా చేతులు కడుక్కుని ఇంటికెళ్ళింది.

తప్పు అక్కడే జరిగింది. ఆ భవనంలో కరెంటుది చపలచిత్తం. అందుకని తొమ్మిదేళ్ళ కిందటే పాత సర్వర్లోని మిషన్లన్నిటికీ ఒక ఆజ్ఞ ఇచ్చి పెట్టారు: కరెంటు పోయొస్తే ఎవరూ లేపక్కర్లేదు, మీ అంతట మీరే లెండి అని. నిద్రపుచ్చిన పెద్దత్తకి ఆ ఆజ్ఞ రద్దు చెయ్యాలి. మిగతా నలుగురికీ చేసినట్టే ఒక్క మాట టైపు చేస్తే సరిపోయేది. చెయ్యలేదు. చీటీ అంటించాను కదా అనుకుంది. చీటీ మనుషులు చదువుతారు గానీ మిషను చదువుతుందా? పదకొండేళ్ళ అనుభవమున్న మనిషి ఇలా మర్చిపోయిందేమిటంటే ఏం చెప్పమంటారు, మర్చిపోయింది.

ఇంకొక్క సంగతి చెప్పుకోవాలి. పాత సర్వరు గడియారం రోజుకి నిమిషంన్నర వెనకబడేది. లోపలి బుల్లి బ్యాటరీ అరిగిపోయింది. లోపలి మిషన్లు నిద్ర లేచేటప్పుడు ఆ గడియారం చూసుకునే లేస్తాయి. అందుకని రోజూ తొమ్మిదిన్నరకి సర్వరమ్మ దాన్ని తన చేత్తో సరిచేసేది. ఆ పని ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలీదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. శుక్రవారంతో ఆ పీడ కూడా విరగడైందనుకుంది.

సోమవారం అక్క వచ్చింది.

అక్క సర్వరమ్మ కంటే ఆరేళ్ళు పెద్దది. మందుల షాపులో పని చేస్తుంది. బావ లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. వాళ్ళకి లేకలేక పుట్టినవాడు బుజ్జిగాడు. వాడికి చూపు ఎంత చురుకంటే, పెదాల కదలికా చేతి సైగా పట్టుకుని అన్ని పనులూ చేసేవాడు. వాడికి వినపడదని రెండున్నరేళ్ళ దాకా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. "మగపిల్లలకి మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అన్నవాళ్ళలో సర్వరమ్మ కూడా ఉంది. ఇలాంటి ఆఫీసులో పని చేస్తూ కూడా ఆ మాట అన్నందుకు ఆవిడ ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది.

కేంద్రంలో ఏడాదికి ఒక్క జట్టే, నలభైమందే. ముందొచ్చినవాళ్ళకి ముందు. చేరేనాటికి నాలుగేళ్ళు నిండకూడదు. బుజ్జిగాడికి మూడేళ్ళ ఏడు నెలలు. ఈ ఏడు దాటితే వాడికి ఈ గుమ్మం మూసుకుపోయినట్టే. చెవి డాక్టరు ఇవ్వాల్సిన కాగితం శనివారం గానీ చేతికి రాలేదు. ఆదివారం అక్క ఫోన్ చేసి, "ఒసేయ్, నీ మిషనే కదే, ఒక్క నంబరు పెట్టించి ఉంచవే" అంది. "అలా కుదరదక్కా, కౌంటర్లో నిలబడి తీసుకోవాలి" అంది సర్వరమ్మ. "సరేలే, నీకు చెప్పడం గోడకి చెప్పడం ఒకటే" అని అక్క ఫోన్ పెట్టేసింది.

సోమవారం పొద్దున తొమ్మిదీ నలభైకి కరెంటు ఇలా పోయి అలా వచ్చింది. కొత్త సర్వరుకి కొత్త బ్యాటరీలు, అది కన్ను కూడా ఆర్పలేదు. పాతదాని బ్యాటరీలు ముసలివైపోయాయి, అది పడి లేచింది. దాంతోపాటు చీటీ వెనకాల నిద్రపోతున్న పాత పెద్దత్త కూడా లేచి కూర్చుంది. ఇంట్లో ఒక అత్తగారుంటేనే కోడళ్ళకి ఊపిరాడదు, ఇప్పుడు ఇద్దరయ్యారు. ఇద్దరూ అచ్చంగా ఒకేలా ఉన్నారు. ఎవరికి వాళ్ళు తామే అసలు అత్తననుకుంటున్నారు. శుక్రవారం మార్చాక కొత్త నంబరు ఎవరూ తీసుకోలేదు, శని ఆదివారాలు సెలవు, కాబట్టి ఇద్దరి పుస్తకాల్లోనూ ఆఖరి నంబరు ముప్ఫైతొమ్మిదే. ఒకటో కౌంటరు కొత్తావిడకి తగులుకుంది, రెండో కౌంటరు పాతావిడకి తగులుకుంది.

ఆ సమయంలో సర్వరమ్మ పై అంతస్తులో ప్రింటరుతో కుస్తీ పడుతోంది. కరెంటు పోయొచ్చిందని తెలిసి కిందికొచ్చి కొత్త సర్వరు వైపు చూసింది. అది నిక్షేపంగా ఉంది. పాతదాని వైపు చూడనే లేదు.

పదింబావుకి సర్వరు గది తలుపు తోసుకుని అక్క లోపలికొచ్చింది. చేతిలో స్లిప్పు ఊపుతూ, "నలభై! ఆఖరిది మనదేనే! ఆఖరిది!" అని చెల్లెల్ని వాటేసుకుని ఏడ్చేసింది. సర్వరమ్మ కూడా ఏడ్చింది. అక్క ఏడవడం ఆవిడ చూసి ఎన్నేళ్ళయిందో. బుజ్జిగాడు ఈ ఏడుపులేమీ పట్టించుకోకుండా సర్వరు పక్కన అరచెయ్యి ఆనించి, అది సన్నగా అదురుతుంటే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. పిన్ని చెయ్యి లాక్కొచ్చి అక్కడ పెట్టాడు, నువ్వూ చూడు అన్నట్టు. అక్క అక్కణ్ణుంచే బావకి ఫోన్ చేసింది. అత్తగారికి చేసింది. షాపు యజమానికి చేసి, రేపట్నుంచి మధ్యాహ్నం డ్యూటీ వెయ్యమని అడిగేసింది.

పదకొండున్నరకి ఒకటో కౌంటరావిడ కేక పెట్టింది, "సర్వరమ్మా! ఇలా రా ఒకసారి!"

కాగితాలు సరిచూసే కిటికీ దగ్గర బల్ల మీద రెండు స్లిప్పులు పక్కపక్కన ఉన్నాయి. రెండిటి మీదా నలభై. ఒక స్లిప్పు మీద బుజ్జిగాడి పేరు, ఇంకోదాని మీద ఎవరో ఆడపిల్ల పేరు. సర్వరమ్మ రెండూ తిప్పి చూసింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్ల కింది గదిలోకి పరిగెత్తింది. చీటీ చీటీలాగే ఉంది, దాని పక్కన పచ్చ దీపం మిణుకుమిణుకుమంటోంది. పాత పెద్దత్త రెండు గంటలుగా రాజ్యమేలుతోంది. వెంటనే ఆపేసింది గానీ ఏం లాభం, జరగాల్సింది జరిగిపోయింది. ఇద్దరూ చెరో నలభై, చెరో నలభైఒకటి, చెరో నలభైరెండు ఇచ్చేశారు. నలభై దాటినవాళ్ళది ఎలాగూ ఖాళీ వస్తేనే చేరే జాబితా, వాళ్ళని ముందూ వెనకా సర్దొచ్చు. పీకల మీదకొచ్చింది నలభయ్యో నంబరుతోనే.

సూపరింటెండెంటు గదిలోకి ఇద్దరు తల్లుల్నీ పిలిచారు. రెండో ఆవిడ టైలరు. షాపులోంచి లేచి అలాగే వచ్చేసినట్టుంది, కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. ఒళ్ళో రెండున్నరేళ్ళ పిల్ల.

"నేనే ముందు తీసుకున్నాను సార్" అంది టైలరు. "నేను స్లిప్పు పుచ్చుకుని వెనక్కి తిరిగేసరికి ఈవిడ రెండో కౌంటరు దగ్గర ఇంకా బ్యాగులో కాగితాలు వెతుక్కుంటోంది. నా కళ్ళారా చూశాను."

సూపరింటెండెంటు రెండు స్లిప్పులూ కళ్ళద్దాలకి దగ్గరగా పెట్టుకున్నాడు. "మీ దాని మీద పదీ నాలుగు నిమిషాలు. ఆవిడ దాని మీద పదీ రెండు నిమిషాలు. మరి ఆవిడే ముందు కదమ్మా."

"కాదు సార్. నేనే ముందు."

"స్లిప్పు అబద్ధం చెప్పదు కదమ్మా."

"అంటే నేను చెప్తున్నానా సార్?" అంది టైలరు.

"మరి కాక?" అంది అక్క. "బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఎన్ని అబద్ధాలమ్మా! మిషను కంటే మీకెక్కువ తెలుసా?"

అక్క సర్వరమ్మ వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పేసుకుంది. ఈవిడ మా చెల్లెలు అని ఆమె అనలేదు. ఈవిడ మా అక్క అని సర్వరమ్మా అనలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు అని సర్వరమ్మ తనకి తాను సర్దిచెప్పుకుంది.

సూపరింటెండెంటు తల్లులిద్దర్నీ బయట కూర్చోమని సర్వరమ్మకి పని అప్పజెప్పాడు. "కరెంటు ఇబ్బంది వల్ల రెండు మిషన్లు పని చేశాయని రాయి. స్లిప్పు మీద టైము ప్రకారం ముందు ఎవరో రాయి. రెండు మిషన్ల టైమూ సరిగ్గానే ఉందని ఒక వాక్యం రాసి కింద సంతకం పెట్టు. భోజనాల్లోపు ఇచ్చెయ్, ఈ తలనొప్పి వదిలిపోతుంది."

సర్వరమ్మ గదిలోకొచ్చి కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. మొదటి రెండు ముక్కలూ రాసింది. మూడో వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. లేచి పాత సర్వరు గడియారం చూసింది. దాని తెర మీద పదకొండూ యాభైరెండు. ఆవిడ ఫోన్లో పదకొండూ యాభైఆరు దాటి నలభై సెకన్లు. నాలుగు నిమిషాల నలభై సెకన్ల తేడా. శుక్రవారం సరిచేసింది, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. అంటే అక్క స్లిప్పు మీద పదీ రెండు అని పడినప్పుడు నిజానికి టైము పదీ ఏడు. టైలరు పదీ నాలుగుకే తీసేసుకుంది. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ సమయానికి అక్క నిజంగానే బ్యాగులో కాగితాలు వెతుక్కుంటోంది.

సర్వరమ్మ కుర్చీ లాక్కుని పాత సర్వరు ముందు కూర్చుంది.

ఎవరికి తెలుసు? ఎవరికీ తెలీదు. ఇంకో నిమిషంలో గడియారం సరిచేసేస్తే తెలుసుకునే దారి కూడా ఉండదు. రోజూ చేసే పనే కదా, ఏళ్ళ తరబడి చేస్తున్నదే. వేలు దానంతటదే కీబోర్డు మీదికి పోయింది కూడా. టైలరు పిల్లకి రెండున్నరేళ్ళే. వచ్చే ఏడాది వచ్చినా దానికి వయసుంటుంది. బుజ్జిగాడికుండదు. న్యాయం మాట దేవుడెరుగు, పసివాళ్ళిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఎవరికి ఎక్కువ అవసరమని అడిగితే ఎవరైనా బుజ్జిగాణ్ణే చూపిస్తారు. ఇలా ఎన్ని రకాలుగా అనుకోవచ్చో అన్ని రకాలుగా అనుకుంది. పొద్దున అక్క ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. వాడు తన చెయ్యి లాగి సర్వరు మీద పెట్టడం గుర్తొచ్చింది. ఆవిడకి వాడంటే ప్రాణం. ఆ ప్రాణం ఇప్పుడు ఒక్క సంతకం దూరంలో ఉంది.

గోడ అవతల కౌంటర్లో టైలరు గొంతు వినపడుతోంది. "నేను అబద్ధమాడలేదండీ. నా పిల్ల మీద ఒట్టు. నేను అబద్ధమాడలేదు." ఒకటో కౌంటరావిడ, "సరేలెండమ్మా, కూర్చోండి" అంటోంది, నమ్మని మనిషి అన్నట్టే. మళ్ళీ టైలరు అదే మాట, ఇంకెవరితోనో. ఆ గొంతు ఎంతకీ ఆగదు. మిషను తప్పు చేస్తే, ఆ మిషను తప్పు తను చేస్తే, దొంగ అనిపించుకుంటున్నది ఆవిడ. సర్వరమ్మకి సిగ్గేసింది. అంత సిగ్గు ఆవిడకి జన్మలో ఎప్పుడూ వెయ్యలేదు.

కాళ్ళకి తడి తగిలింది. పదకొండింటి బకెట్టు మర్చిపోయింది, నీళ్ళు నిండి నేలంతా పారుతున్నాయి. గుడ్డ తెచ్చి తుడిచింది. బకెట్టు పారబోసొచ్చింది. చేతులు తుడుచుకుని, రాసిన కాగితం చింపేసి, ఇంకో కాగితం తీసింది.

సూపరింటెండెంటు కాగితం చదివి తలెత్తాడు. "నాలుగు నిమిషాలు వెనకా? నీకిప్పుడు ఎవరడిగారమ్మా ఈ సంగతి?"

"మీరే సార్. టైము సరిగ్గా ఉందని సంతకం పెట్టమన్నారు. సరిగ్గా లేదు."

"ఇప్పుడు నాలుగు నిమిషాలు వెనక ఉందంటే పదింటికి కూడా అంతే ఉండాలని ఏముంది?"

"రోజుకి నిమిషంన్నర జారుతుంది సార్. రెండు గంటల్లో పది సెకన్లు కూడా మారదు. వచ్చి చూడండి."

ఆయన వచ్చి చూశాడు. తన చేతి గడియారాన్ని తెర పక్కన పెట్టి రెండుసార్లు చూశాడు. చీటీ కూడా చదివాడు. "పెద్దత్త ఎవరు?" అని అడగబోయి మానేశాడు. "అయితే ఆ టైలరమ్మే ముందన్నమాట."

"అవును సార్. దాదాపు మూడు నిమిషాలు ముందు. తప్పు నాది. పాతది లేవకుండా చెయ్యడం నేనే మర్చిపోయాను. అదీ రాశాను."

"చదివాన్లే. మెమో ఇవ్వక తప్పదు, ఏమీ అనుకోకు." ఆయన కలం మూత పెట్టబోతూ ఆగాడు. "ఈ రెండో ఆవిడ ఎవరో నీకు తెలుసా? పొద్దున నీ గదిలోంచి రావడం చూశాను."

"మా అక్క సార్."

ఆయన కలం మూత పెట్టి పక్కన పెట్టాడు. "ముందే చెప్పుంటే ఈ రాతపని నీకు అప్పజెప్పేవాణ్ణి కాదు కదమ్మా" అన్నాడు మెల్లిగా. "ఆవిడకి నన్ను చెప్పమంటావా?"

"వద్దు సార్. నేనే చెప్తాను."

వరండా బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. బుజ్జిగాడు ఆమె ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. సర్వరమ్మ పక్కన కూర్చోలేదు, ఎదురుగా నిలబడింది. గడియారం సంగతి చెప్పింది, పదీ ఏడు సంగతి చెప్పింది. ఏదీ మింగకుండా మొత్తం చెప్పింది. 

"అయితే ఆవిడ అబద్ధమాడలేదా?" అంది అక్క.

"లేదక్కా."

"నేనందరి ముందూ అన్నాను."

"తప్పు నాదక్కా. నువ్వన్నది స్లిప్పు చూసి."

అక్క బుజ్జిగాడి జుట్టు సవరించింది. "నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"సంతకం పెట్టేస్తే వీడికి సీటు వచ్చేది."

"వచ్చేది."

"ఐదు నెలల్లో వీడికి నాలుగు నిండుతాయే!" అక్క గొంతు ఒక్కసారి పైకి లేచింది. వరండాలో జనం తలలు తిప్పారు, బుజ్జిగాడు మాత్రం కదల్లేదు. "నీ తప్పుకి నువ్వు ఏ మెమో అయినా తీసుకో. నా బిడ్డనెందుకే లాగావు మధ్యలోకి? నువ్వు నా తోడబుట్టినదానివేనా?"

  గోడ అవతల ఆ టైలరు గొంతు తను విన్నదనీ, అక్క వినలేదనీ సర్వరమ్మ ఎలా చెప్తుంది?

అంతలో ఒకటో కౌంటరావిడ మొహమాటంగా వచ్చి నిలబడింది. పాత స్లిప్పు వెనక్కి తీసుకుని నలభైఒకటో నంబరుది ఇవ్వాలట. జాబితాలో మొదటి పేరు, ఎవరైనా చేరకపోతే పిలుపొస్తుందట. అక్క ఆవిడకి స్లిప్పు ఇవ్వలేదు. గుప్పిట్లోంచి తీసి చెల్లెలి ముందుకి చాపింది.

"నువ్వే తీసుకో. నీ చేత్తో నువ్వే తీసుకో."

సర్వరమ్మ తీసుకుంది. కౌంటర్లోకి వెళ్ళి, కొత్త పెద్దత్త ముందు కూర్చుని, బుజ్జిగాడి వివరాలన్నీ మొదట్నుంచీ మళ్ళీ తనే ఎక్కించింది. పూర్తి పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు. కుడి చెవి వినికిడి, లేదు. ఎడమ చెవి వినికిడి, లేదు. ఇప్పటిదాకా పలికిన మాటలు, లేవు. టైము పదీ ఏడు నిమిషాలు. కళ్ళు తుడుచుకుంటూ ఎక్కించింది కాబట్టి రెండు చోట్ల తప్పు పడింది, దిద్దింది. స్లిప్పు తీసుకుని మళ్ళీ వరండాలోకొచ్చింది.

టైలరు అప్పటికే వెళ్ళిపోయింది. సూపరింటెండెంటు పిలిచి సీటు ఆమెదేనని చెప్పాడట. ఆమె థాంక్సయినా చెప్పకుండా, పిల్లని భుజాన వేసుకుని, "నేను ముందే చెప్పాను" అని అందరికీ వినపడేలా అని మరీ వెళ్ళిందట.

అక్క కొత్త స్లిప్పు చదివి మడిచి బ్యాగులో పెట్టుకుంది. నిద్ర లేచిన బుజ్జిగాణ్ణి కిందికి దించి చెప్పులు తొడిగింది. వాడు పిన్నిని చూసి నవ్వి, మెట్ల కింది గది వైపు వేలు చూపించాడు. అక్క వాడి చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిచింది. సర్వరమ్మ వెనకే నడిచింది. గేటు దగ్గర అక్క ఆగింది.

"వీడు పెద్దయ్యాక చెప్తాను. మీ పిన్ని ఏం చేసిందో అంతా చెప్తాను."

"చెప్పక్కా" అంది సర్వరమ్మ.

అక్క ఆమె మొహంలోకి చూసింది.

"ఎలా చెప్పమంటావే?" అంది.